ముచ్చట చెప్పినోళ్లు పోయిండ్రు... ముచ్చట మిగిలింది!

ఒక రచయిత కన్నుమూశారని తెలిస్తే ఎవరికైనా ముందు ఆయన పుస్తకం గుర్తొస్తుంది. పాలమూరు, నల్లగొండ వాళ్లకు మాత్రం ముందు వాళ్ల అవ్వ గుర్తొస్తుంది. ఎందుకంటే... ఆ పుస్తకంలో మాట్లాడింది ఆమే!

2025 నవంబరు 10న అందెశ్రీ ఇక లేరన్న వార్త వచ్చింది. ఆ రోజంతా ఊళ్లలో, బస్టాండుల్లో, ఫోన్లలో ఆయన పాటే. బడి గడప తొక్కని మనిషి, పశువులు కాసి, తాపీ పని చేసి బతికిన మనిషి రాసిన పాటను 2024లో తెలంగాణ రాష్ట్రగీతం చేసుకుంది. ఆయనది మన జిల్లా కాదు. అయినా నల్లగొండలోనూ నాగర్‌కర్నూలులోనూ జనం సొంత మనిషి పోయినట్టే బాధపడ్డారు.

పాటకు ఉన్న అదృష్టం అది. చదువు రానివాళ్ల దగ్గరికి కూడా పాట తనే నడిచి వెళ్తుంది. చెవిన పడితే చాలు, గుండెలో కూర్చుంటుంది. కట్టినవాళ్లు పోయినా పాడేవాళ్లు ఉంటారు.

మరి కథ రాసినవాళ్లు పోతే? ఊరి గుడి కథ, వాడ కథ, అవ్వ చెప్పిన ముచ్చట అచ్చు వేయించినవాళ్లు పోతే? జిల్లా పేజీలో ఒక ఫొటో, నాలుగు వాక్యాలు. టౌన్‌హాల్లోనో గ్రంథాలయంలోనో సంతాప సభ. ఆ తర్వాత? వాళ్ల పుస్తకం ఎవరింట్లో ఉంది? ఉంటే ఎవరు చదువుతున్నారు?

గత ఇరవై ఏళ్లలో ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు అలాంటి పెద్దలను ఒక్కొక్కరినే సాగనంపాయి. వాళ్లను అభిమానించిన పాఠకులు మన మధ్యే ఉన్నారు. ఆ పాఠకుల దగ్గర కూర్చుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. రచయిత గురించి చెప్పమంటే ఇంటి సంగతులు చెబుతారు. పుస్తకం పేరు ఎత్తితే, ‘మా అవ్వ కూడా అచ్చం అట్లనే అనేది’ అని మొదలుపెడతారు. ఆ ముచ్చటలోంచి మళ్లీ పుస్తకంలోకి రావడానికి అరగంట పడుతుంది!

బిజినపల్లి బిడ్డ

ఆ మాట అందరికంటే ఎక్కువగా వర్తించేది పాకాల యశోదారెడ్డికి. ఆమె 1929 ఆగస్టు 8న మహబూబ్‌నగర్ జిల్లా బిజినపల్లిలో పుట్టారు. ఇప్పుడా ఊరు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఆడపిల్లను పట్నం పంపి చదివించడమే వింతగా చూసే రోజుల్లో హైదరాబాదులో చదువుకున్నారు. తెలుగులో వచ్చిన హరివంశాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు పాఠాలు చెప్పారు. 1990 నుంచి 1993 వరకు అధికార భాషా సంఘం అధ్యక్షురాలిగా పనిచేశారు. భర్త పి.టి.రెడ్డి దేశం ఎరిగిన చిత్రకారుడు.

ఇంత చదువు చదివినావిడ కథ రాయడానికి కూర్చుంటే ఏ భాషలో రాయాలి? ఎర్రన, నాచన సోముల పద్యాలు పరిశోధించిన మనిషి. గ్రాంథికం ఆమెకు నోటి మీద ఉంటుంది. పత్రికల్లో చెలామణీ అయ్యే శిష్ట వ్యావహారికం ఎలాగూ వచ్చు. ఆ రెండూ పక్కనపెట్టి, బిజినపల్లి ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే మాటనే కాగితం మీద పెట్టారావిడ. అలా వచ్చిందే ‘మా వూరి ముచ్చట్లు’. ఆ పుస్తకం 1973 నాటిది.

ఆ కాలం సంగతి గుర్తు చేసుకోండి. తెలంగాణ మాట అంటే సినిమాల్లో నవ్వించే పాత్రకో రౌడీకో పెట్టేవారు. బడిలో పిల్లవాడు ఇంటి మాట మాట్లాడితే పంతులు గారు దిద్దేవారు. అలాంటప్పుడు ఒక తెలుగు ఆచార్యురాలు అవ్వల మాటను ఉన్నదున్నట్టు అచ్చు వేయించడమంటే... ఆ మాట తప్పు కాదని పెద్ద గొంతుతో చెప్పినట్టే. పాలమూరు పాఠకులు ఆవిణ్ని ఇవాళ్టికీ యాది చేసుకునేది అందుకే.

ఆ తర్వాత ‘ఎచ్చమ్మ కథలు’, ‘ధర్మశాల’ సంపుటాలు వచ్చాయి. మూడూ వరసగా చదివితే తెలంగాణ పల్లె మూడు తరాలు కళ్ల ముందు తిరుగుతాయి. మొదటిది సుమారుగా 1920 నుంచి 1940ల నాటి పల్లె. రెండోది 1950 నుంచి 1970 వరకు. మూడోది 1980, 90ల కాలం. అంటే గడీల కాలం నుంచి కలర్ టీవీ కాలం దాకా అన్నమాట. అడుగడుగునా సామెతలు, దెప్పిపొడుపులు, దీవెనలు, శాపనార్థాలు. అక్కడ ఆడవాళ్లు ఊరికే మాట్లాడరు. మాటతోనే కొడతారు, మాటతోనే కడుపు నింపుతారు.

2007 అక్టోబరులో యశోదారెడ్డి కన్నుమూశారు. అభిమానులు ఆమెను తలచుకునే తీరు గమనించండి. ఫలానా కథ ముగింపు బాగుంటుందని ఎవరూ అనరు. ‘ఆ మాట మళ్ల యాడ వింటం?’ అంటారు. వాళ్లకు ఆవిడతోపాటు ఇంట్లో ఎప్పుడో పోయిన పెద్దమ్మో అవ్వో మరోసారి పోయినట్టు!

చదివేది ఒకరు... తెలిసింది మరొకరికి!

ఈ పుస్తకాలతో చిన్న చిక్కు ఉంది. పదో తరగతి చదివే పిల్ల చేతికి ‘మా వూరి ముచ్చట్లు’ ఇచ్చి చూడండి. అక్షరాలు చకచకా చదివేస్తుంది. రెండో పేజీ దాటకుండానే ఆగిపోతుంది. మాటలు తెలియవు. గుమ్మి అంటే ఏమిటో, మోట ఎలా కొడతారో, ఇగురం అని ఎవరిని అంటారో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నిఘంటువు తీద్దామంటే ఇంట్లో ఉండేది ఇంగ్లిష్‌దే.

అదే కథ డెబ్భై ఏళ్ల నాయనమ్మకు ఇవ్వండి. ప్రతి మాటా ఆమె నోట పుట్టినట్టే ఉంటుంది. కానీ ఆమెకు చదువు రాదు!

అంటే ఈ పుస్తకం పూర్తిగా చదవాలంటే ఇంట్లో ఇద్దరు కావాలి. అక్షరం వచ్చిన మనవరాలు ఒకరు, మాట తెలిసిన అవ్వ ఒకరు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా కథ సగమే.

మోట సంగతే తీసుకోండి. నిఘంటువులో ‘బావిలోంచి నీళ్లు తోడే సాధనం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తాతనడగండి. ఎద్దులు ఏ పక్కకు నడిచేవో, ముందుకెళ్తే బాన పైకెలా వచ్చేదో, తోలు తొండంలోంచి నీళ్లు కాలువలోకి ఎలా దూకేవో, గిరక కిర్రుమంటుంటే దానికి తగ్గట్టు మోట కొట్టేవాడు ఏ రాగం తీసేవాడో... కూర్చున్నచోటే ఎద్దుల్ని తోలి చూపిస్తాడు! ఆ తాత ఉన్నన్నాళ్లూ కథలో మోట కదులుతుంది. తర్వాత అది అచ్చులో రెండక్షరాలు మాత్రమే.

మాటలకు మరో కథ కూడా ఉంది. సోపతి, యాది... ఇవి నిజాం కాలంలో ఉర్దూ నుంచి వచ్చి మన ఇళ్లలో స్థిరపడ్డ మాటలు. దూప, నెనరు అచ్చ తెనుగువి. ఒకే అవ్వ ఒకే వాక్యంలో రెండు రకాలూ వాడేస్తుంది. నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఆమె నాలుక మీద ఆడుతుంటుంది. ఆమెకు మాత్రం అది చరిత్ర కాదు, సద్ది కట్టుకుంటూ చెప్పుకునే కబురు!

మా ఊరి పేరుంది చూడు!

నాగర్‌కర్నూలు ప్రాంతంలో కపిలవాయి లింగమూర్తి పేరు ఎత్తితే పాఠకుల స్పందన ఇంకో తీరుగా ఉంటుంది. వాళ్లు ముందుగా పుస్తకంలో తమ ఊరి పేరు వెతుక్కుంటారు.

ఆయన 1928 మార్చి 31న అచ్చంపేట దగ్గర జినుకుంటలో పుట్టారు. తెలుగు పండితుడిగా, ఆ తర్వాత పాలెం ప్రాచ్య కళాశాల అధ్యాపకుడిగా పనిచేశారు. పద్యం, శతకం, స్థలపురాణం, శాస్త్రం... దేన్నీ వదల్లేదు. డెబ్భైకి పైగా పుస్తకాలు రాశారు. ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’ వాటిలో జనం బాగా ఎరిగిన పుస్తకం. ‘సాలగ్రామ శాస్త్రం’ లాంటివి పండితులు దాచుకుంటారు. ఊరూరా తిరిగి శాసనాలు, తాళపత్రాలు, పెద్దల నోటి కథలు సేకరించారు. ఎవరి అటకమీదో చెదలు పట్టిపోయే పాత కావ్యాలను పరిష్కరించి అచ్చులోకి తెచ్చారు. 2018 నవంబరు 6న, తొంభై ఏళ్లు నిండాక వెళ్లిపోయారు.

ఆయన పని విలువ తెలియాలంటే కృష్ణ ఒడ్డుకు వెళ్లాలి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పాలమూరు ఊళ్లు ఎన్నో మునిగాయి. అలంపురం దగ్గరి కూడలి సంగమేశ్వరాలయాన్ని, జటప్రోలు గుడులను రాయి రాయి విప్పి తెచ్చి మెరకమీద మళ్లీ కట్టారు. రాళ్లకు నంబర్లు వేస్తే గుడిని మోసుకెళ్లొచ్చు. కానీ ఆ గుడి జాతరలో ఏ కులం వాళ్లు ఏ పని చేసేవారో, ఏ రోజున ఏ వాడనుంచి బోనం వచ్చేదో, దేవుడికి ఆ పేరెలా వచ్చిందో... వాటికి నంబర్లెవరు వేస్తారు? లింగమూర్తి లాంటి వాళ్లే.

సలేశ్వరం, ఉమామహేశ్వరం, మన్నెంకొండ, కురుమూర్తి... ఏటా జాతరలకు వెళ్లే కుటుంబాలెన్నో. కొబ్బరికాయ, పులిహోర, నీళ్ల బాటిల్ సంచిలో పెట్టుకుంటాం. ఈసారి ఆ సంచిలోనే స్థలపురాణం పుస్తకం ఒకటి వేసుకుని, పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివి చూడండి. పుస్తకంలో ఉన్నదానికి వాళ్లు ఇంకో రెండు కథలు కలుపుతారు. అచ్చులో లేనివి!

ఊరి చివరి వాడనుంచి...

అవ్వ మాటలూ గుడి కథలూ ఊరి నడిమధ్యవి. ఊరి చివరి వాడ సంగతి? దాన్ని నల్లగొండ జిల్లా నుంచి అచ్చులోకి తెచ్చిన పెద్దల్లో ముందు చెప్పుకోవాల్సిన పేరు బోయ జంగయ్య. 1942 అక్టోబరు 1న చౌటుప్పల్ దగ్గర పంతంగిలో పుట్టారు. కథలు, కవిత్వం, నాటకం, పిల్లల పుస్తకాలు... అన్నీ రాశారు. ‘జాతర’, ‘జగడం’ నవలలు తెలంగాణ దళిత జీవితం తెలుసుకోవాలనుకునే వాళ్లు తప్పక చదివేవి.

ఆయన పాఠకుల్లో రెండు రకాల వాళ్లున్నారు. ఆ వాడలో పుట్టినవాళ్లకు అది సొంతింటి కథ. ‘మా అమ్మ కైకిలికి పోయి వచ్చి పొయ్యి ముట్టించే తీరు ఇదే’ అనుకుంటారు. ఊరి నడుమ పుట్టినవాళ్లది వేరే అనుభవం. ఏళ్ల తరబడి తమ పొలంలో పనిచేసిన మనిషి ఇంట్లో ఏం జరిగేదో వాళ్లు మొదటిసారి చూసేది ఆ పుస్తకంలోనే. చూశాక కొంచెం తల దించుకుంటారు. ఒకే ఊరివాళ్లను ఒకరికొకరిని పరిచయం చేయడానికి ఒక కథకుడు కావాల్సి వచ్చింది!

2016 మే 7న జంగయ్య కన్నుమూశారు. ఆయన పిల్లలకూ రాశారన్న సంగతి చాలామంది మర్చిపోయారు. పెద్దల కోసం ‘జగడం’ రాసిన చేత్తోనే పిల్లల కోసం తేలిక మాటల కథలు రాశారు. వాడపిల్లలకు బడి పుస్తకంలో తమలాంటివాళ్లు కనిపించని రోజులవి. ‘నాలాంటివాడు కూడా కథలో ఉంటాడు’ అని తెలిస్తే పిల్లవాడికి వచ్చే ధైర్యం చిన్నది కాదు కదా.

గొంతు ఆగినా...

ఈ రెండు జిల్లాల యాదిలో పాటగాళ్లకు ఎప్పుడూ పెద్దపీటే. సాయుధ పోరాటం నాటి సుద్దాల హనుమంతు ఊరే సుద్దాల. ఆ ఊళ్లోనే పుట్టిన నిస్సార్ ఆర్టీసీలో కండక్టరుగా చేస్తూ ప్రజానాట్యమండలిలో పాటలు కట్టారు. కరోనా వచ్చిన కొత్తలో జనాన్ని జాగ్రత్తగా ఉండమని పాట రాశారు. 2020 జూలైలో అదే జబ్బు ఆయన్ను తీసుకెళ్లింది. వనపర్తి జిల్లా అమరచింత బిడ్డ సాయిచంద్ తెలంగాణ ఉద్యమ వేదికలన్నీ తన గొంతుతో నింపినవాడు. 2023 జూన్ 29న, నలభై నిండకుండానే గుండెపోటుతో పోయాడు.

వీళ్ల గొంతులు మాత్రం మన ఫోన్లలో ఉన్నాయి. వేలుతో తాకితే వినిపిస్తాయి. కథకులకు ఆ సౌకర్యం లేదు. వాళ్ల గొంతు వినిపించాలంటే ఇంట్లో ఎవరో ఒకరు పుస్తకం తెరిచి పైకి చదవాలి.

చంకలో పుస్తకాల కట్ట

చదివే అలవాటు ఈ నేలకు కొత్తదేమీ కాదు. ఎంతో కష్టపడి సంపాదించుకున్నది. నిజాం రాజ్యంలో కచేరీ భాష, చదువుల భాష ఉర్దూ. తెలుగు చదవడమే ఒక ఉద్యమం. 1918లోనే నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం వెలిసింది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు అక్కడినుంచే ‘నీలగిరి’ పత్రిక నడిపారు.

పాలమూరు నుంచి వెళ్లిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను చూపించారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలు వదిలేసి జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో చెప్పింది. 1953లో ఆయన పోయాక, తెలుగుకు వచ్చిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే దక్కింది. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం పేరు పెడుతూ శాసనసభ బిల్లు ఆమోదించింది. అవ్వ వంటింటి మాట కూడా చరిత్రేనని మనకు నేర్పిన మొదటి గురువు ఆయన.

ఇక వట్టికోట ఆళ్వారుస్వామి. నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో 1915లో పుట్టారు. ఇళ్లలో వంట చేస్తూ చదువుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు వేసి, వాటిని చంకలో పెట్టుకుని మనిషి మనిషికీ అమ్మారు. జైలుకెళ్లారు. వచ్చి ‘ప్రజల మనిషి’ నవల రాశారు. 1961లో ఆయన పోయేనాటికి యాభై ఏళ్లు కూడా లేవు. అయినా ఆ నవల పలుమార్లు అచ్చయింది, చదువుతూనే ఉన్నారు. కారణం ఒక్కటే. ఆయన పుస్తకం రాసి ఊరుకోలేదు, పాఠకుడి ఇంటిదాకా తీసుకెళ్లి చేతిలో పెట్టారు. ఇప్పుడా పని ఎవరు చేయాలి?

అవ్వ ఊళ్లో... మనవరాలు పట్నంలో!

వలస అనగానే గుర్తొచ్చే జిల్లా పాలమూరు. ముంబయి, పుణె, బెంగళూరు, హైదరాబాదు... ఎక్కడ పెద్ద కట్టడం లేచినా అక్కడ పాలమూరు చేతులున్నాయి. నల్లగొండ ఊళ్లనుంచీ చదువుకు, కొలువుకు పట్నం బాట పట్టినవాళ్లు తక్కువేం కాదు. అమ్మానాన్నలు, పిల్లలు అక్కడ. అవ్వాతాతలు ఇక్కడ. పండక్కి వచ్చి రెండు రోజులుండి పోతారు.

ఈ కథలు చదవడానికి ఇద్దరు కావాలన్నాం కదా. ఆ ఇద్దరూ ఇప్పుడు వేర్వేరు చోట్ల ఉన్నారు. మనవరాలు పట్నంలో ఇంగ్లిష్ మీడియం. అవ్వ ఊళ్లో ఒంటరిగా టీవీ ముందు. రచయితలు వరసగా వెళ్లిపోతున్నారని బాధపడుతున్నాం, సరే. కానీ వాళ్ల పుస్తకానికి అర్థం చెప్పగలిగిన ఆఖరి తరం కూడా అదే వరసలో వెళ్తోంది. పుస్తకమైతే మళ్లీ అచ్చు వేయించుకోవచ్చు. అవ్వను ఎక్కడ అచ్చు వేయిస్తాం?

అందుకే అభిమాన రచయితకు నివాళి అంటే ఫొటోకు దండ వేసి ఊరుకోవడం కాదు. వారానికి ఒక్క కథ, అవ్వ వినేలా పైకి చదవండి. దగ్గర ఉంటే పక్కన కూర్చుని, దూరంగా ఉంటే వీడియో కాల్‌లో. పిల్ల చదువుతుంది, అర్థం కానిచోట ఆగుతుంది. అవ్వ నవ్వి, ‘అది గదే బిడ్డా...’ అని మొదలుపెడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ ఫోన్‌లో రికార్డు చేసి దాచండి. రేపు ఆ పిల్ల తన బిడ్డకు కథ చదివేటప్పుడు అర్థం చెప్పడానికి అవ్వ గొంతు ఉంటుంది.

పుస్తకాలు దొరకవంటారా? ప్రతి షాపులోనూ దొరకని మాట నిజమే. కానీ మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది. మండల గ్రంథాలయానికి వెళ్లి ఈ పేర్లు చెప్పి అడగండి. లేకపోతే తెప్పించమని కాగితం రాసివ్వండి. అడిగేవాళ్లుంటేనే కదా తెప్పించేది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన కథానిలయం అన్ని ప్రాంతాల కథలనూ సేకరించి ఇంటర్నెట్‌లోనూ పెట్టింది. ఆ మాస్టారు 2021లో వెళ్లిపోయారు, ఆయన కూడబెట్టిన కథలు అందరికీ ఉన్నాయి.

మనకు దగ్గర్లోనే ఇంకో ఆదర్శం ఉంది. రామన్నపేట మండలం వెల్లంకిలో కూరెళ్ల విఠలాచార్య అనే విశ్రాంత తెలుగు అధ్యాపకుడు తన సొంత ఇంటినే గ్రంథాలయం చేశారు. 2014లో తన దగ్గరున్న ఐదారు వేల పుస్తకాలతో మొదలైంది. దాతలు తోడయ్యారు. పుస్తకాలు రెండు లక్షల దాకా చేరాయి. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊరు చిన్నది, ఇల్లు ఇంకా చిన్నది. సంకల్పం మాత్రం పెద్దది. ఎక్కడినుంచో పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్తుంటారు. పక్క ఊరివాళ్లం మనం ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లలేమా?

ఈ మాటలు మీ పిల్లలకు తెలుసా?

దూప - దాహం
బుక్కెడు - నోట్లో పట్టేంత. ‘బుక్కెడు బువ్వ తినిపో’ అంటే ఆకలి తీర్చడమే కాదు, ఆప్యాయత కూడా
ఇగురం - నేర్పు, తెలివిగా సర్దుకుపోయే గుణం
సోపతి - స్నేహం
పైలం - జాగ్రత్త. ఊరికి వెళ్లేవాళ్లకు చెప్పే చివరి మాట
గుమ్మి - ధాన్యం నిల్వచేసే పెద్ద బుట్ట. అల్లి, పేడతో అలుకుతారు
కైకిలి - రోజు కూలి పని
నెనరు - ప్రేమ, దయ
సద్ది - పొలానికి కట్టుకెళ్లే అన్నం
యాది - జ్ఞాపకం

పదిలో ఎన్ని తెలిశాయో పిల్లల్ని అడగండి. మిగిలినవాటికి అర్థం మీరు చెప్పకండి. అవ్వకు ఫోన్ కలిపి ఇవ్వండి!

ఆ రోజు ఒక కథ...

పెద్దల పుట్టినరోజులు ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. ఆ రోజు రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి వాళ్ల పుస్తకంలోంచి నాలుగు పేజీలు చదివితే చాలు.

మార్చి 31 - కపిలవాయి లింగమూర్తి
మే 28 - సురవరం ప్రతాపరెడ్డి
ఆగస్టు 8 - పాకాల యశోదారెడ్డి
సెప్టెంబరు 9 - కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం
అక్టోబరు 1 - బోయ జంగయ్య
నవంబరు 1 - వట్టికోట ఆళ్వారుస్వామి

ఏడాదికి ఆరు రాత్రులు. ఆరు కథలు. మొదటి రాత్రి పిల్లలు విసుక్కుంటారు. రెండో రాత్రి అవ్వ చెప్పిన సామెతకు పకపకా నవ్వుతారు. మూడోసారి వాళ్లే అడుగుతారు... ‘అవ్వా, ఇంకో ముచ్చట చెప్పవా?’ అని!